విల్లు నిలిచింది, అడవి మరుగయింది

పోయిన ఏడాది జులై 4న పొద్దున్నే మా పక్కింటి ఆరేళ్ల బాబు కాషాయపు పంచె కట్టుకుని, భుజాన వెదురు విల్లు, వీపున అట్టముక్కలతో చేసిన అమ్ములపొదితో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అద్దెకు తెచ్చిన గడ్డం దురద పెడుతోందని వాడు పీకేస్తే, వాళ్లమ్మ కాటుకతో బుగ్గల మీద గడ్డం దిద్దింది. ఆ రోజు అల్లూరి సీతారామరాజు జయంతి, వాళ్ల బడిలో వేషాల పోటీ. “సీతారామరాజు ఏం చేశాడు నాన్నా?” అని అడిగాను. “బాణాలేశాడు. తెల్లోళ్లని కొట్టాడు” అన్నాడు. “ఎందుకు కొట్టాడు?” అంటే వాళ్లమ్మ వైపు చూశాడు. “మన దేశం కోసమని చెప్పు బాబూ” అంది ఆమె. వాడు చెప్పాడు, నేను మెచ్చుకున్నాను, ఫోటో తీశాను. వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయాక నాకు తోచింది: ముగ్గురం కలిసి ఐదు నిమిషాలు సీతారామరాజు గురించి మాట్లాడుకున్నాం గాని, అడవి అన్న మాట మాలో ఎవరి నోటా రాలేదు.

జనప్రియ సంస్కృతి సమాజపు విలువలను ఎలా దిద్దుతుందన్న పెద్ద ప్రశ్నకు ఇలాంటి చిన్న సంగతి దగ్గర మొదలుపెట్టడమే మేలని నా నమ్మకం. సినిమా, పాట, సీరియల్, ఆట, ప్రకటన, ఇప్పుడు ఫోన్లలో రీలు: వీటిలోంచి కొందరు మనుషులు అందరూ గుర్తుపట్టే బొమ్మలవుతారు. మన ఊళ్లో సినిమానే బొమ్మ అంటారు, ఆట మొదలైతే బొమ్మ పడిందంటారు. ఆ బొమ్మలను చూస్తూ చూస్తూ ఏది గొప్ప, ఏది సిగ్గు, ఎవరిని చూసి నవ్వవచ్చు, ఎవరి ముందు తల వంచాలి అన్న అంచనాలు మనలో ఏర్పడతాయి. ఆ అంచనాలనే నేను విలువలంటున్నాను. ఇరవై ఏళ్లుగా విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకు తెలుగు పాఠం చెబుతూ గమనించిన వాటిని, ఈ విషయంపై ఇతరులు చేసిన పరిశీలనలతో కలిపి ఇక్కడ విప్పి చెప్పాలనుకుంటున్నాను.

ముందు సీతారామరాజు సంగతే చూద్దాం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు కొట్టుకోవడానికి, అడవిలోంచి కట్టె తెచ్చుకోవడానికి కూడా ఆంక్షలు మొదలయ్యాయి. ముఠాలనే కొండ ఊళ్ల గుంపులకు పెద్దలైన ముఠాదారుల పాత హక్కులు సన్నగిల్లాయి. గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కొండవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. తాగుడు మానమనీ, తగాదాలను కోర్టులకెక్కకుండా పంచాయతీల్లో తీర్చుకోమనీ చెబుతూ తిరిగిన ఒక యువ సన్యాసి ఆ కోపానికి నాయకుడయ్యాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన మనుషులు పడింది అక్కడి తుపాకుల కోసం. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను కాల్చి చంపారు. ఇదంతా అడవి మీద హక్కు, ఒళ్లు వంచి చేసిన పనికి కూలి, తమ మీద తమకు అధికారం అన్న మూడు కోరికల చుట్టూ నడిచిన పోరాటం.

1974లో కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా వచ్చింది. ఆ సినిమాలో మన్యం వాళ్ల కష్టాలు లేకపోలేదు. అయితే హాలు దాటి బయటికి వచ్చి, క్యాలెండర్ల మీదికి, గోడల మీదికి, బడి పోటీల్లోకి, విగ్రహాల్లోకి వెళ్లింది ఆ కష్టాలు కావు. కాషాయం, గడ్డం, విల్లు. మా ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ ఆ సినిమాకు రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట పిలిచింది తెలుగు వీరుణ్ణి. అంతకు ముందే 1969లో ఒకసారి, 1972లో మరోసారి ప్రాంతాల ఉద్యమాలతో తెలుగువారు చీలిపోయి ఉన్నారు. అందరూ కలిసి చప్పట్లు కొట్టగల ఒక వీరుడు అప్పుడు ఎంతో అవసరమయ్యాడని నేననుకుంటాను. ఆ అవసరానికి కోయలు, బగతలు లాంటి ఆదివాసులు, ముఠాలు, పోడు అన్నవి అడ్డం వస్తాయి. ధైర్యం, దేశభక్తి అడ్డం రావు. అందుకని కోరికలు వెనక్కి తప్పుకున్నాయి, గుణాలు ముందుకు వచ్చాయి.

ఇక్కడ ఒక మనిషి పేరు చెప్పాలి. సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం సోదరుల్లో ఒకరైన మల్లుదొర పట్టుబడి, ఏళ్ల తరబడి జైల్లో గడిపి, స్వతంత్రం వచ్చాక 1952 ఎన్నికల్లో మన విశాఖపట్నం స్థానం నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. తిరుగుబాటు చేసిన ఆదివాసీ తిరిగి వచ్చి ప్రజల ఓటుతో ఢిల్లీ వెళ్లిన సంగతి ఏ కథకూ తీసిపోదు. తరగతిలో ప్రతి ఏడూ అడుగుతాను, ఆయన పేరు విన్నామని చేయెత్తిన పిల్లలు ఇంతవరకూ ఇద్దరే. నేను చూసిన ఏ వేషాల పోటీలోనూ ఎవరూ మల్లుదొర కాలేదు, ఎలా కాగలరు, ఆయన ఎలా ఉంటారో చూపించే బొమ్మ ఎవరి కళ్లలోనూ లేదు కదా. జనప్రియ సంస్కృతి చేసే మొదటి పని ఈ ఎంపిక. ఒకరిని ఎత్తుకున్నప్పుడు ఆ పక్కనున్నవాళ్లను ఎవరూ కావాలని తోసేయరు, వాళ్లు చీకట్లో ఉండిపోతారంతే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా పోడు పట్టాల గొడవ మన్యంలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆ వార్త చదివినప్పుడు సీతారామరాజు గుర్తుకు రాకపోవడం, జెండా పండగనాడు మాత్రం గుర్తుకు రావడం ఆ ఎంపిక ఫలితమే.

మన ఇళ్లలో ఈ విషయం మీద రెండు మాటలు వినబడతాయి. సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారని ఒకటి, సినిమాను సినిమాలా చూడాలి గాని దానికీ జీవితానికీ సంబంధమేమిటని మరొకటి. మొదటి మాట చూసేవాడిని తెల్లకాగితం అనుకుంటుంది. రెండోది వాడిని రాయి అనుకుంటుంది. చూసేవాళ్లు ఈ రెండూ కారని మన ఉత్తరాంధ్ర నాటకమే నూటముప్పై ఏళ్ల కిందట తేల్చిందని నాకనిపిస్తుంది.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది, 1897లో అచ్చయింది. దాని ముందుమాటలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు పూనికతో అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలను, అంటే ఆడపిల్ల తండ్రి డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లను, లెక్కిస్తే 1,034 తేలాయి. వాటిలో ఐదేళ్లకే పెళ్లయినవారు 99 మంది, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. జనానికి చదివే అలవాటు వచ్చేదాకా ఇలాంటి దురాచారాలను ఎండగట్టగలిగేది రంగస్థలమేనని కూడా అదే ముందుమాటలో రాశారు. అంటే జనప్రియ కళ విలువలను మార్చగలదని తెలిసి, కావాలని, లెక్కలు చేత పట్టుకుని దిగిన మనిషి ఆయన.

మరి జరిగిందేమిటి? గిరీశం జరిగాడు. కోతలు కోసి, అప్పులు ఎగ్గొట్టి, సంస్కరణ మాటలను తన సుఖానికి వాడుకునే ఆ మనిషిని గురజాడ మన ముందు నిలబెట్టింది మనం జాగ్రత్త పడటానికి. మనమేమో అతణ్ణి ప్రేమించాం. ఈనాటికీ అతని మాటలు పెళ్లి భోజనాల్లో నవ్వుతూ చెప్పుకుంటాం. అదే నాటకంలోని బాలవితంతువు బుచ్చమ్మ మాట ఒక్కటి చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. శుల్కం తీసుకునే ఆచారం క్రమంగా పోయిన మాట నిజమే, అయితే ఆ స్థానంలో వరకట్నం వచ్చి కూర్చుంది, 1961లో నిషేధ చట్టం వచ్చినా కదలలేదు. ఆడపిల్లను ఎన్నో ఏటకు అమ్మారన్నది సిగ్గుపడే విషయంగా మారింది గాని, పెళ్లిలో డబ్బు చేతులు మారడం సిగ్గుపడే విషయం కాలేదు. నాటకం తాకగలిగిన చోటు ఒకటి, తాకలేకపోయిన చోటు ఇంకొకటి. ఈ తేడా ముందు ముందు మళ్లీ అవసరమవుతుంది.

గిరీశానికి జరిగింది తెలుగువాళ్ల వింత అనుకోనక్కరలేదు. దూరదర్శన్ 1984లో ‘హమ్ లోగ్’ సీరియల్ మొదలుపెట్టింది, పదిహేడు నెలల్లో 156 భాగాలు. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ల హోదా గురించి జనానికి నచ్చజెప్పాలన్న ఉద్దేశంతోనే దాన్ని రూపొందించారు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి అందులోని నీతిని విడమరచి చెప్పేవాడు. అందులో భాగవంతి అనే తల్లి, ఎన్ని మాటలన్నా పడి, నోరెత్తకుండా ఇల్లు మోసే ఇల్లాలు. ఇలా ఉంటే ఏమవుతుందో చూడండని చెప్పడానికి పెట్టిన పాత్ర అది. ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించిన పరిశోధకులకు మాత్రం ఆమెను ఆదర్శ స్త్రీగా మెచ్చుకున్నవాళ్లు చాలామంది కనిపించారు. రాసినవాడి ఉద్దేశం ఒకటైతే చూసినవాళ్లు తమ దగ్గర అప్పటికే ఉన్న విలువల గిన్నెలో దాన్ని పోసుకున్నారు. ఓర్పే ఆడదానికి అందమని నమ్మే ఇంట్లో భాగవంతి గెలుస్తుంది, నీతి ఓడిపోతుంది.

అలాగని ప్రభావమే లేదా అంటే ఉంది. అది నీతి దారిన కాక, మామూలుతనం దారిన వస్తుంది. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని బాగా పట్టిచ్చింది. మన దేశంలోని ఐదు రాష్ట్రాల్లో 2001 నుంచి 2003 దాకా వరసగా సేకరించిన వివరాలతో, ఆ మధ్యలో కేబుల్ టీవీ వచ్చిన పల్లెలను రాని పల్లెలతో పోల్చారు. కేబుల్ వచ్చిన చోట, భర్త కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్లు తగ్గారు, మగబిడ్డే కావాలన్న పట్టు తగ్గింది, ఇంటి ఖర్చుల్లో, బయటికి వెళ్లడంలో తమ మాట చెల్లుతుందన్న వాళ్లు పెరిగారు. ఆ సీరియళ్లు సంస్కరణ కోసం తీసినవి కావు. వాటిలో అత్తాకోడళ్ల కుట్రలే ఎక్కువ. కాని ఆ కుట్రల వెనుక, పట్టించుకోనక్కరలేని నేపథ్యంలా, ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళుతున్నారు, తమ డబ్బు తాము ఖర్చు పెడుతున్నారు, ఎవరినీ అడగకుండా వీధి దాటుతున్నారు. బోధించిన చోట ఎదురు తిరిగే మనసు, నేపథ్యంలో ఉన్నదాన్ని అడ్డు చెప్పకుండా లోపలికి రానిస్తుంది. అడిగినవారికి చెప్పే జవాబు మారినంత తేలికగా ఇంట్లో జరిగేది మారుతుందా అన్న అనుమానం నాకు ఉంది. అయినా, కొట్టడం సరే అని పైకి అనడానికి జంకు పుట్టడం కూడా మార్పే.

ఇదే దారిన చెడు కూడా వస్తుంది. ప్రేమకథల మీద చర్చ పెట్టిన ఒక రోజు, వెనక బెంచీలోని అబ్బాయి ఏ దురుద్దేశమూ లేకుండా, ఎంతో సహజంగా అన్నాడు: “వెంటపడుతూ ఉంటే ఎప్పటికైనా పడుతుంది సార్.” ఆ మాటను బోర్డు మీద రాశాను. పడటం, పడేయడం, వెంటపడటం: వల, ఉచ్చు, గాలం ఉన్నచోట పుట్టిన మాటలివి. కాదన్న అమ్మాయి చుట్టూ హీరో తిరగడం, స్నేహితులు కోరస్ పాడటం, రెండో సగానికి ఆమె నవ్వడం ఎన్ని వందల సార్లు చూశామో లెక్కలేదు. వీటిలో ఏ ఒక్క సినిమా వెంటపడండి అని చెప్పదు. కాదు అంటే ఇంకా కాలేదు అని అర్థమని అన్నీ కలిసి చెబుతాయి. 2013లో వెంటపడి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా చట్టంలో చేర్చారని చెబితే మగపిల్లల్లో సగం మందికి అది కొత్త వార్త. ఆ పూట చర్చ సాగుతుండగా ముందు వరసలోని అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “మీరు ఇప్పటిదాకా చెబుతున్న సినిమాలో ఆ అమ్మాయి పేరేంటి?” హీరో డైలాగులు పొల్లుపోకుండా అప్పజెప్పగలిగిన పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. హీరోయిన్ పేరు తెలుసు. పాత్ర పేరు ఒక్కరికీ గుర్తు లేదు.

చర్మం రంగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి తెలుపును తీసేసింది. పెళ్లి ప్రకటనలు ఇంకా తీసేయలేదు.

మా ప్రాంతపు మనిషిగా నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఈ మధ్య ఎక్కువ ఆశపెట్టింది యాస. దశాబ్దాల పాటు తెలుగు తెర మీద హీరో మాట్లాడింది కృష్ణా, గుంటూరు వైపు చదువుకున్నవాళ్ల తెలుగు. శ్రీకాకుళం యాస పనిమనిషికి, వాచ్‌మన్‌కు, నవ్వించడానికి పెట్టిన పక్కపాత్రకు దక్కింది. రాయలసీమకు కత్తి ఇచ్చారు, తెలంగాణకు రౌడీతనం ఇచ్చారు, మాకు అమాయకత్వం ఇచ్చారు. ఏ ఒక్క దర్శకుడూ శ్రీకాకుళం వాళ్లు తెలివితక్కువ వాళ్లని ప్రకటించలేదు. ఏటి అన్న మాట వినబడగానే హాలంతా నవ్వడానికి అలవాటుపడింది, అంతే. ఆ అలవాటు హాల్లోనే ఆగదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలోకి వస్తుంది, పెళ్లిచూపుల్లోకి వస్తుంది, మా తరగతి గదిలోకి వస్తుంది.

పలాస దగ్గర సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి మూడు నెలల పాటు నా తరగతిలో పెదవి విప్పలేదు. పరీక్షలో రాసిన తెలుగు చూస్తే ముచ్చటేసేది. ఒకరోజు వరండాలో ఫోన్ మాట్లాడుతుంటే విన్నాను: “ఏటమ్మా, అయ్య ఏటకెల్నాడా? బేగి తినేసి తొంగో.” గొంతు నిండుగా, గలగలా ఉంది. నన్ను చూడగానే ఫోన్ చేత్తో మూసి, “మా అమ్మ సార్, మా అమ్మతో మాట్లాడుతున్నాను” అంది, ఒక్కో మాటా వడగట్టి. ఆ వారం రావిశాస్త్రి కథ పాఠం చెప్పాలి. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా నిలబడి, ఆ గుమ్మాల్లో తచ్చాడే బీదవాళ్ల మాటను సాహిత్యంలోకి తెచ్చిన మనిషి ఆయన. అందులోని సంభాషణలు ఆమెను చదవమన్నాను. మొదటి వాక్యానికి ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగి, పుస్తకం వైపే చూస్తూ, “ఇది మా వైపు మాట కాదు మాస్టారూ, పట్నం మాట. మా కాడ ఇలాగనరు” అని, ఎలాగంటారో చెప్పింది. తరగతి మొత్తానికీ ఆ విషయంలో ఆమె కంటే తెలిసినవాళ్లు లేరు, నాతో సహా. నవ్విన పిల్లవాడే తరువాత ఆమెను ఇంకో రెండు మాటలు అడిగి రాసుకున్నాడు.

2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చినప్పుడు ఊళ్లో జరిగింది కూడా ఇలాంటిదే. నటుల్లో ఎక్కువమంది ఆ పేటలో నివసించే మామూలు మనుషులు, అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. యాభైకి దగ్గరపడిన, పెళ్లి కాని ఒక ఆఫీసు అటెండరు కథానాయకుడు. నల్లగా, నెరిసిన జుట్టుతో, మన రైల్వే క్వార్టర్ల సందుల్లో తిరిగే మనుషుల ప్రేమను తెర గౌరవంగా చూపించడం అప్పటికి మాకు కొత్త. కంచరపాలెం పేరు చెబితే ఒకప్పుడు ఊళ్లోవాళ్లే పెదవి విరిచేవారు. ఆ తరువాత ఆ పేట పేరు గొంతు పెంచి చెప్పుకునే పిల్లలను నేను చూశాను. 2025లో ‘తండేల్’ సినిమాలో, పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం జాలర్ల అనుభవాల ఆధారంగా అల్లిన కథలో, పెద్ద హీరో మా యాసలో ప్రేమించాడు, కోప్పడ్డాడు, ఏడ్చాడు. ఆ యాస అక్కడక్కడా తడబడింది, మావాళ్లు తప్పులు పట్టారు. తప్పు పట్టడమే నాకు సంతోషం. తప్పు పట్టాలంటే ఒప్పు ఒకటుందని, అది తమ దగ్గరుందని నమ్మకం కలగాలి కదా.

అభిమాన సంఘాల గురించి చెప్పకుండా తెలుగునాట ఈ చర్చ పూర్తి కాదు. సినిమా హాలు పేరే కూడలి పేరైన ఊరు మాది. జగదాంబ జంక్షన్లో కొత్త సినిమా విడుదల రోజు తెల్లవారకముందే గుమిగూడే కుర్రాళ్లను చూస్తే, దాన్ని ఉత్త పిచ్చి అని కొట్టిపారేయలేం. నిలువెత్తు కటౌటుకు దండ వేయడానికి ఒకడు ఎక్కుతుంటే కింద పదిమంది సారవను పట్టుకుని నిలబడతారు. చందా వసూలు, పనుల పంపకం, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రికి పరుగు: ఇంట్లోనూ బడిలోనూ ఎవరూ ఏ బాధ్యతా అప్పజెప్పని కుర్రాళ్లు ఇక్కడ బాధ్యత నేర్చుకుంటారు. 1998లో చిరంజీవి పేరున రక్తనిధి మొదలైనప్పుడు, రక్తం ఇస్తే నీరసపడిపోతామన్న భయాన్ని పోగొట్టడంలో ఆ అభిమానుల పాత్ర చాలా పెద్దది. తమ హీరో చెప్పాడని ఇచ్చారు, ఇచ్చి బాగానే ఉన్నామని ఇంట్లోవాళ్లకు చూపించారు. అయితే ఈ సంఘాల్లో ఆడపిల్లలు కనబడరు, హీరోలను కులాల వారీగా పంచుకోవడం కనబడుతుంది. ఆ బృందం అప్పటికే ఉన్న గోడల లోపలే కడుతున్న కొత్త గది.

ఆరాధన ఎంత దూరం పనిచేస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి ఎన్టీఆర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. రాముడుగా, కృష్ణుడుగా ఆయన పటాలను ఇళ్లలో పెట్టుకున్న జనం, 1982 మార్చిలో ఆయన పార్టీ పెడితే తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రిని చేశారు. తెర మీద సంపాదించిన నమ్మకం తెర బయటి పనికి చెల్లుబాటైంది. ఆయన ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకులాగే పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇంత గొప్ప పని చేసిన మనిషి పటం ఉన్న ఇళ్లలోనే, తండ్రి పోయిన ఏడాదికి అక్కచెల్లెళ్లను రిజిస్ట్రారు ఆఫీసుకు పిలిచి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోవడం నేను కళ్లారా చూశాను. మా బంధువుల ఇంట్లో అలాంటి సంతకానికి నేనే సాక్షిగా నిలబడ్డాను, ఆనాడు నోరెత్తలేదు. సంతకం పెట్టిన పెద్దమ్మాయికి చీర, పసుపు, కుంకుమ పెట్టారు. “అన్నదమ్ములతో తగువెందుకు” అని ఆమే అంది. పైన గోడ మీద కృష్ణుడి వేషంలో ఆయన నవ్వుతున్నారు.

కన్యాశుల్కం దగ్గర చెప్పిన తేడా ఇదే. బొమ్మ మన మాటను మార్చగలదు, జుట్టును, నవ్వును, భయాన్ని, చూపును మార్చగలదు. ఆస్తి, కులం, పెళ్లి ఉన్న గదిలోకి మాత్రం అది ఒంటరిగా వెళ్లలేదు. వెళ్లిన సందర్భాలు చూస్తే ప్రతి చోటా దాని వెంట ఇంకేదో ఉంది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో, కలిసికట్టుగా సారా కొట్టు మూయించిన ఆడవాళ్ల కథ పాఠంగా ఉంది. ఆ కథ ఒక్కొక్కరూ తమ ఇంట్లో కూర్చుని చదివింది కాదు. లాంతరు చుట్టూ ముప్పై మంది కలిసి చదివి, మన ఊళ్లో ఎందుకు చేయకూడదని వెంటనే పక్కనున్నవాళ్లను అడగగలిగిన చోట చదివింది. దూబగుంటలో రోసమ్మ, ఆమె వెంట మిగతా ఆడవాళ్లు కదిలారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చిన్న పాఠం పనిచేసిందంటే దానికి చుట్టూ కూర్చున్న జనం దొరికారు. రీలుకు ఆ చుట్టు లేదు. ఎవరి అరచేతిలో వాళ్లు ఒక్కరే చూస్తారు, బొటనవేలు కదిపితే పోతుంది. అందుకే రీళ్ల ప్రభావం వేషం మీద, మాట విరుపు మీద కనబడినంతగా ఇంకో చోట కనబడటం లేదేమోనని నా అంచనా.

ఆటల్లో ఈ సంగతి ఇంకా స్పష్టం. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆడపిల్ల బరువులెత్తడమేమిటి, ఒళ్లు మోటుబారిపోదా అన్న ప్రశ్న ఆ రోజుతో మాయం కాలేదు. కాని విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి ఊళ్లో, బరువులెత్తే ఇనుప బార్లూ, నేర్పేవాళ్లూ ఊళ్లోనే ఉన్న చోట, ఆ బొమ్మ ఆడపిల్లలకు దారి అయింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. వ్యాయామశాల లేని పల్లెల్లో మల్లీశ్వరి పేరు సామాన్య జ్ఞానం పుస్తకంలో ఒక జవాబుగా ఉండిపోయింది.

మా ఊరి జ్యోతి యర్రాజీ తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేది. 2022లో వంద మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు ముగించిన మొదటి భారతీయ మహిళ అయింది, మరుసటి ఏడాది 12.78 సెకన్లకు దించింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. ఆ తరువాతి వేసవిలో నేను పొద్దున్నే నడకకు వెళ్లే మైదానంలో, ప్లాస్టిక్ గొట్టాలతో చేసుకున్న అడ్డుగెంతుల మీదుగా పరిగెత్తే ఆడపిల్లలు ఆరుగురు కనిపించారు. గట్టు మీద ఒకావిడ స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని, చేతిలో ఫోన్ గడియారం పట్టుకుని కూర్చుంది. ఇళ్లలో పనికి వెళ్లే ముందు గంటసేపు అక్కడే ఉంటుందట.

“మా అత్తకిష్టం లేదు మాస్టారూ” అంది, నేను పలకరిస్తే. “ఎండలో నల్లబడిపోతాది, సంబంధాలు రావు అంతాది. ఆ జ్యోతి గుంట పన్నెండున్నర, పదమూడులో పరిగెట్టినాదట కదా. మా గుంట పదిగేడు కాడుంది.” మాట్లాడుతూనే మైదానం వైపు తిరిగింది. పిల్ల చివరి గొట్టాన్ని కాలితో తన్నేసి, పడబోయి నిలదొక్కుకుని, గీత దాటింది. ఆవిడ ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని అంకెలు కూడబలుక్కుని చదివింది. “పదారు ఎనిమిది” అని గట్టిగా అరిచింది, మైదానం అవతలికి వినబడేలా.